బిడ్డలతో ఆడేటప్పుడు కావాలని ఓడిపోవచ్చునా?

"అయ్యగారూ, ఆటలో ఓడితే మావాడు ఏడ్చి గోల చేస్తాడు. అందుకని మేమే కావాలని ఓడిపోతాము. ఇది అబద్ధమాడినట్లవుతుందా?" మా చిత్తూరు వైపు పల్లెల్లో గృహదర్శనాలకు వెళ్ళినప్పుడు తల్లులు ఇలా అడగడం కద్దు. ప్రశ్న చిన్నదే. కాని ప్రియ తల్లిదండ్రులారా, మన మాటను బిడ్డ నమ్ముతాడా లేదా అన్న పెద్ద సంగతి దీని వెనుక ఉన్నది.

మూడు నాలుగేండ్ల బిడ్డతో అయితే నాకేమీ అభ్యంతరం లేదు. ఆ వయసులో గెలుపు కంటే నాయన పక్కన కూర్చోవడమే వాడికి ఆట. పరుగుపందెంలో నాయన నెమ్మదిగా పరుగెత్తితే దాన్ని మోసమనడం వట్టి చాదస్తం. ఆరేడేండ్లు దాటిన బిడ్డ సంగతి వేరు. నాయన చూసి చూసి తప్పుగా ఆడుతున్నాడని వాడు పసిగడతాడు. ఆ రోజుతో ఇంతకుముందు గెలిచినవన్నీ వాడి లెక్కలో ఉత్తవైపోతాయి. "బాగా చదివావురా" అని మెచ్చుకున్నా, ఇదీ అలాంటిదేనేమో అనుకుంటాడు.

పదేండ్ల కొడుకును ఓడించి మీసం మెలేసే తండ్రులూ లేకపోలేదు. అట్టివారితో బిడ్డ నాలుగు రోజులు ఆడి, ఐదో రోజున పిలిచినా రాడు. తండ్రులు బిడ్డల మనసు రేపకూడదని పౌలు ఎఫెసీ సంఘానికి హెచ్చరిక రాసింది ఇటువంటివారికీ వర్తిస్తుంది.

మరి ఏమి చేయాలి? మన అవ్వా తాతలు ఆడిన పులిజూదం చూడండి. (పేరులో జూదమున్నదని కొందరు విశ్వాసులు జంకుతారు. పందెం కాయనిదే జూదం కాదు, నిశ్చింతగా ఆడుకోండి.) సాధారణంగా 3 పులులు, 15 మేకలు. పులి దూకి మేకను చంపుతుంది. మేక ఎవరినీ చంపలేదు. అవన్నీ కూడి పులికి కదిలే దారి లేకుండా కట్టేస్తేనే గెలుపు. కొత్తగా నేర్చుకొనే బిడ్డకు పులులివ్వండి, దూకడం వాడికి సులువుగా తెలుస్తుంది. మేకలతో ఆడడానికి ముందుచూపు కావాలి గనుక అవి మీరు తీసుకోండి. కొన్నాళ్ళకు మార్చుకోండి. అప్పుడూ వాడికి కష్టమైతే, "నాకు 2 పులులు చాలు" అని ముందే చెప్పి ఆడండి. దాచి ఓడిపోవడం వేరు, చెప్పి బరువెత్తుకోవడం వేరు. రెండవ విధంగా వాడు గెలిస్తే ఆ గెలుపు నిజంగా వాడిదే. మూడో పులి మళ్ళీ పలక మీదికి వచ్చిన రోజున తాను పెరిగానని వాడికే తెలుస్తుంది. చదరంగంలో కూడా పెద్ద ఆటగాడు తన మంత్రిని ముందే తీసేసి ఆడడం పాత ఆనవాయితీ.

పాము నిచ్చెనల ఆటలో ఈ తంటాయే లేదు. పాచిక ముందు తాత, మనవడు సమానమే.

గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపికి చదరంగంలో తొలి గురువు తండ్రి అశోక్ గారే. ఆమె 2002లో 15 ఏండ్లకే గ్రాండ్‌మాస్టర్ అయినది. 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్‌గా గెలిచినది. ఇంటిలో ఉత్తుత్తి గెలుపులిచ్చి అంత దూరం తేలేము. అయితే ప్రతి ఇంటిలో ఒక హంపి లేచి రావాలని ఆశపడడమూ బిడ్డలకు భారమే. మదనపల్లెలో పుట్టి, ఆ దగ్గరనే రిషి వ్యాలీ బడికి మూలపురుషుడైన జిడ్డు కృష్ణమూర్తి, బిడ్డను మరొకరితో పోల్చడమే కీడన్నారు. ఆయన తలంపులన్నిటితో మనకు పొత్తు కుదరదు గాని, ఈ మాట మాత్రం తీసివేయదగినది కాదు.

ఇక ఏడుపు. ఓడిన పిలకాయ కాసేపు ఏడిస్తే ఏడవనివ్వండి. "ఊరుకో, నువ్వే గెలిచావులే" అనవద్దు, నవ్వనూ వద్దు. ఏడుపు తగ్గినాక, ఏ మేకను ఒంటరిగా వదిలినందుకు ఆట పోయిందో వాడినే అడిగి చూడండి. అరుగు మీద సుద్దతో గీసిన గీతలను ఆ రాత్రికి చెరపకండి. తెల్లవారేసరికి వాడే చింతపిక్కలు గుప్పిట పట్టుకొని వచ్చి మిమ్మల్ని లేపుతాడు.