మ్యానిఫోల్డుకు సిరామిక్ పూత: పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుంది?

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. కరెంటు లెక్కలో చెప్పాలంటే దాదాపు 9 యూనిట్లు. అందులో కారును నడిపించేది పావు వంతు, మహా అయితే మూడో వంతు. ఇంకో మూడో వంతు రేడియేటర్ గుండా గాలిలో కలుస్తుంది. మిగిలింది పొగతో పాటు సైలెన్సర్లోంచి వెళ్లిపోతుంది. ఇంజిను నుంచి బయటపడిన పొగ మొదట చేరేది ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులోకి. సిలిండర్లన్నిటి పొగనూ ఒకే గొట్టంలోకి మళ్లించే భాగం ఇది. చాలా బళ్లలో పోత ఇనుముది, కొన్నిటిలో స్టీలు గొట్టాలది. దీనికి సిరామిక్ పూత వేయిస్తే బోనెట్ కింద వేడి తగ్గుతుందనీ, పికప్ పెరుగుతుందనీ, మైలేజీ కూడా కలిసొస్తుందనీ అమ్మేవాళ్లు చెబుతారు. ఎండాకాలం ఉక్కపోతలో ఏసీ వేసుకుని తిరిగేవాళ్లకు ఈ మాట ఆశ పుట్టించడం సహజమే. ఆ ఆశ ఎంతవరకు నిలుస్తుందో అంకెలు వేసి చూడాలి.

కారు బాడీ మెరవడానికి పెయింటు మీద పూసే సిరామిక్ కోటింగ్ సంగతి కాదు ఇది. ఇక్కడ ఇనుము మీద ఇసుక కొట్టించి, తుప్పంతా పోయాక, అల్యూమినియం కలిపిన సిరామిక్ ద్రావణం పిచికారీ చేసి ఓవెన్‌లో కాలుస్తారు. పూత మందం సాధారణంగా 25 నుంచి 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, లేదా అంతకన్నా తక్కువ. ప్లాస్మా మంటతో జిర్కోనియా అనే సిరామిక్ పొడి చల్లే ఖరీదైన పద్ధతిలో 300 మైక్రాన్ల దాకా వస్తుంది.

సిరామిక్ అనగానే వేడిని ఆపే గోడ అనుకుంటాం. అలా అనుకోవడానికి కారణమూ ఉంది. గ్యాస్ టర్బైన్ బ్లేడ్లను కాపాడేది ఇట్రియా కలిపిన జిర్కోనియా పూతే. ఈ విద్యకు మన రాష్ట్రాల్లోనూ పునాది ఉంది. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ ఇలాంటి స్ప్రే పూతల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. హైదరాబాద్ పక్కనున్న రామచంద్రపురం బీహెచ్‌ఈఎల్‌లో గ్యాస్ టర్బైన్లే తయారవుతాయి. టర్బైన్ బ్లేడ్ మీద పావు మిల్లీమీటరు పూత లోహపు వేడిని 100 డిగ్రీలకు పైగా తగ్గించగలదు. అదే పూత మన మ్యానిఫోల్డు మీద ఎందుకు తగ్గించదు? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

బ్లేడ్ లోపల సన్నని దారుల్లో చల్లగాలి తోస్తుంటారు. బయట నిప్పు, లోపల చల్లగాలి. కాబట్టి చదరపు మీటరుకు మెగావాట్ స్థాయిలో వేడి ఆ పూత గుండా ప్రవహిస్తుంది. ప్రవాహం అంత ఉన్నప్పుడే పలచని పొర కూడా పెద్ద తేడా చూపిస్తుంది. మ్యానిఫోల్డు గోడలోంచి బయటికి పోయే వేడి చదరపు మీటరుకు 20 కిలోవాట్ల దరిదాపుల్లోనే, అంటే యాభయ్యో వంతు. ఒక మీటరు మందానికి ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు ఒక వాట్ వేడిని వదిలే పదార్థంతో 50 మైక్రాన్ల పొర వేస్తే, దాని రెండు వైపులా ఉండే తేడా ఒకే ఒక్క డిగ్రీ. 300 మైక్రాన్ల ప్లాస్మా పూత వేయించినా 6 డిగ్రీలు. 500 డిగ్రీల ఇనుము మీద అది లెక్కలోకి రాదు. గొట్టం లోపల కూడా పూయించినా ఇంతే. పొగ నుంచి గోడకు వేడి చేరే దారిలో ముందే ఉన్న అడ్డంకితో పోలిస్తే 50 మైక్రాన్ల పూత చేర్చేది ఒక శాతం కూడా ఉండదు.

మరి పూత వేయించినవాళ్లు బోనెట్ కింద తేడా కనిపించిందని చెబుతారే, అది అబద్ధమా అంటే కాదు. పూతలోని మెరుపు చేసే పని అది. వేడెక్కిన లోహం కిరణాల రూపంలో చుట్టూ వేడిని చిమ్ముతుంది. తుప్పు పట్టి మాసిన ఇనుము, చిమ్మగలిగినదానిలో సుమారు 80 శాతం చిమ్ముతుంది. నున్నగా వెండిలా మెరిసే పూత 40 శాతం దగ్గర ఆగుతుంది. మ్యానిఫోల్డు ఉపరితలం పదో వంతు చదరపు మీటరు ఉండి 500 డిగ్రీల వేడి మీద ఉంటే, చుట్టూ 60 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, మాసిన ఇనుము 1,560 వాట్లు చిమ్ముతుంది. పూత పడినది 780 వాట్లు. సగానికి సగం తగ్గింది. గాలి తగిలి పోయే వేడి దీనికి అదనం. పూత దాన్ని పెద్దగా ఆపలేదు. పైగా బయటికి దారి మూసుకుపోయిన వేడితో లోహమే ఇంకాస్త వేడెక్కుతుంది కనుక అసలు ఆదా 780 కన్నా కొంచెం తక్కువే ఉంటుంది.

ఈ 780 వాట్లను కారు మొత్తం లెక్కలో పెట్టి చూడండి. మన గోదావరి వైపు కె.గంగవరం నుంచి ఇక్కడి రామచంద్రపురం పనులు, ద్రాక్షారామం గుడి, యానాం, అప్పుడప్పుడు కాకినాడ తిరిగే మామూలు పెట్రోలు కారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తూ పోతుంటే గంటకు 3.3 లీటర్లు తాగుతుంది. అంటే సుమారు 30 కిలోవాట్ల శక్తి. అందులో మూడో వంతు, 10 కిలోవాట్లు, రేడియేటర్ బయటికి నెడుతుంది. బోనెట్ కిందికి వచ్చే గాలి ముందుగా ఆ రేడియేటర్ గుండానే వస్తుంది. అలాంటి చోట ముప్పావు కిలోవాట్ తగ్గితే మొత్తం వేడిలో 7 శాతం కూడా తగ్గదు.

బండి ఆపాక సంగతి వేరు అనుకోవచ్చు. 5 కిలోల పోత ఇనుము 500 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చల్లారేటప్పుడు 920 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. మూడు లీటర్ల నీళ్లను మరిగించడానికి అది చాలు. పూత ఉన్నా లేకపోయినా ఆ వేడి బయటికి రావలసిందే. పూత ఉంటే కాస్త నెమ్మదిగా వస్తుంది, అంతే.

పికప్ మాటకు వద్దాం. ఇంజిను పీల్చే గాలి 3 డిగ్రీలు చల్లబడితే సాంద్రత ఒక శాతం పెరుగుతుంది. 6 డిగ్రీలు చల్లబడిందనే అనుకుందాం. ఇంజిన్ల శక్తిని కొలిచేవాళ్లు వాడే ప్రామాణిక సూత్రం ప్రకారం టర్బో లేని పెట్రోలు ఇంజినులో దానికి వచ్చేది ఒక శాతం లాభం. 80 హార్స్ పవర్ కారుకు 0.8. అదైనా కాలు పూర్తిగా తొక్కినప్పుడే. చాలా కార్లలో గాలి పీల్చే గొట్టం ముందు గ్రిల్ దగ్గరే తెరుచుకుని ఉంటుంది. మ్యానిఫోల్డు వేడి అక్కడికి చేరేదే తక్కువ.

మైలేజీ మాట ఇంకా బలహీనమైనది. బయటికి చిమ్మకుండా ఆపిన 780 వాట్లు చక్రాలకు చేరవు. పొగలోనే ఉండిపోయి సైలెన్సర్ చివరి నుంచి పోతాయి. అయినా పూత వేయించేవాడి వైపే నిలబడి, ఒక శాతం పెట్రోలు మిగిలిందని ఒప్పుకుందాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే 556 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయల చొప్పున 61,160 రూపాయలు. ఒక శాతం అంటే ఏడాదికి 612 రూపాయలు. మ్యానిఫోల్డు విప్పడం, ఇసుక కొట్టించడం, పూత, కొత్త గాస్కెట్, బిగింపు, నగరానికి పంపించే ఖర్చు అన్నీ కలిపి 15,000 అవుతుందనుకుందాం. ఆ డబ్బు తిరిగి రావడానికి ఇరవై నాలుగున్నరేళ్లు పడుతుంది. కొత్త కారు రిజిస్ట్రేషన్ చెల్లేది 15 ఏళ్లే.

పెట్రోలు ఖర్చే బాధ అయితే మన వైపు అంతకన్నా దగ్గరి దారి ఉంది. యానాం పుదుచ్చేరి పాలనలో ఉండటంతో అక్కడ పన్ను తక్కువ. అక్కడి బంకుల్లో లీటరు ధర కొన్నేళ్లుగా మన ధర కన్నా పది రూపాయలకు పైగా తక్కువే ఉంటోంది. ఎటూ పని మీద వెళ్లినప్పుడు అక్కడే నింపించుకునేవాళ్లకు 556 లీటర్ల మీద ఐదున్నర వేలకు పైగా మిగులుతుంది. పూత ఇస్తుందని మనం ఉదారంగా ఒప్పుకున్నదానికి ఇది తొమ్మిది రెట్లు.

ఇంత చెప్పాక, ఈ పూత పనికొచ్చే చోట్లు కూడా చెప్పడం న్యాయం. రేసు బళ్లలో, శక్తి పెంచిన టర్బో ఇంజిన్లలో పొగ వేడిగా ఉంటేనే టర్బో చక్రం చురుగ్గా తిరుగుతుంది. అక్కడ ప్రతి వాటుకూ విలువ ఉంది. పాత జీపునో అంబాసిడర్‌నో ముచ్చటగా బాగు చేయించుకునేవాళ్ల సంగతి ఇంకోటి. గౌతమి ఒడ్డు తేమ, యానాం దాటితే ఉప్పుగాలి, మైల్డ్ స్టీలు గొట్టాన్ని ఊరికే వదలవు. అల్యూమినియం కలిసిన ఈ పూత తుప్పును బాగా ఆపుతుంది. నా లెక్కలో కోనసీమలో దీనికి ఉన్న అసలైన ప్రయోజనం ఇదే. కానీ అది కూడా పూత వేసేది మంచి పనివాడైతేనే. అర మీటరు మైల్డ్ స్టీలు గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే 3 మిల్లీమీటర్లు సాగుతుంది. కింద తుప్పు మిగిలి ఉంటే, పూత ఆ సాగుడుకు తట్టుకోలేక పెచ్చులు ఊడిపోతుంది. వానాకాలం రోడ్డు మీద నీళ్లు కాలే గొట్టం మీద చిమ్మినప్పుడూ అంతే.

దీనికి బదులుగా గొట్టానికి గాజు నార పట్టీ చుట్టడం చవకే. కానీ మన గాలిలో ఆ పట్టీ తడిని పట్టి ఉంచుకుంటుంది. లోపల గొట్టం కనపడకుండా తుప్పు పడుతుంది. కోనసీమలో మైల్డ్ స్టీలు గొట్టానికి అది వద్దనే చెబుతాను.

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 కార్ల విషయంలో ఇంకో జాగ్రత్త. వీటిలో చాలావాటికి పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ మ్యానిఫోల్డుకు అంటిపెట్టుకునే ఉంటుంది, ఆక్సిజన్ సెన్సర్ కూడా అక్కడే. కొన్ని ఇంజిన్లలో, బీఎస్-6 కన్నా ముందటివాటిలో కూడా, మ్యానిఫోల్డు సిలిండర్ హెడ్‌లోనే కలిసిపోయి ఉంటుంది. 2013లో మన దేశంలోకి వచ్చిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజిన్ అలాంటిదే. అక్కడ విడిగా పూయడానికి ఏమీ లేదు. వారంటీలో ఉన్న బండి మీద ఈ పని చేయిస్తే తర్వాత క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు. పాత బండి అయితే విప్పేటప్పుడు తుప్పు పట్టిన స్టడ్డు విరగొచ్చు. అప్పుడు లేత్ పని వేరే.

ఇప్పటికే మీ కారులో ఉన్న ఒక వస్తువు ఈ పూత కన్నా ఎక్కువ పని చేస్తోంది. మ్యానిఫోల్డు మీద కంపెనీ బిగించిన హీట్ షీల్డు, ఆ మెరిసే రేకు. మాసిన ఇనుముకు ఎదురుగా శుభ్రంగా మెరిసే అల్యూమినియం రేకు ఒక్కటి ఉంటే, అటువైపు పోయే కిరణాల వేడి ఎనిమిదో వంతుకు దిగుతుంది. పూత తగ్గించేది సగమే. షెడ్డులో రేకు గలగలలాడుతోందని విప్పి పక్కన పడేసిన బళ్లు ఎన్నో తిరుగుతున్నాయి. బోనెట్ ఎత్తి చూడండి. రేకు లేకపోతే ముందు అది తెచ్చి బిగించండి. బోల్టు వదులైతే వాషరు వేయించండి. గాస్కెట్ దగ్గర నల్లని మసి కనిపిస్తే పొగ లీకవుతోందని అర్థం, అదీ మార్పించండి.

ఆ తర్వాత కూడా పూత వేయించాలనిపిస్తే షాపువాణ్ని మూడు అంకెలు అడగండి. పూత మందం ఎంత, ఎన్ని డిగ్రీల దాకా నిలుస్తుంది, ముందూ తర్వాతా కొలిచిన వేడి ఎంత. మామూలు కారుకు, రోజువారీ తిరుగుడుకు, ఆ మూడింటికీ సరైన జవాబు దొరికినా 15,000 పెట్టడం దండగే.