మందబుద్ధి యనుటకు ముందు

జబ్బుచేతగాని అంగవైకల్యముచేతగాని కట్టుకొనుట, తినుట, వ్రాయుట మొదలగు నిత్యకృత్యములు చేసికొనలేనివారికి, తగిన పనుల మూలముననే ఆ శక్తిని కలిగించు విద్యకు ఆక్యుపేషనల్ థెరపీ యని పేరు. ఈ విద్యను బోధించుచు పరిశోధన సల్పినవారిలో అమెరికా దేశస్థురాలగు డాక్టరు జీన్ ఎయిర్స్ గారు ప్రసిద్ధులు.

వీరు 1920లో కాలిఫోర్నియాలో జన్మించిరి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 1945లో ఈ విద్యయందు పట్టభద్రులై, 1961లో విద్యామనశ్శాస్త్రమున డాక్టరు బిరుదమును పొందిరి. అచ్చటనే బోధకులుగను పనిచేసిరి. చూపును వినికిడియు చక్కగా నున్నను, కొందరు పిల్లలు చదువున వెనుకబడుటకును, ఆటలలో తొట్రుపడుటకును హేతువేమని వీరు విచారించిరి. చర్మము, కండరములు, కీళ్లు, లోపలి చెవి పంపు వార్తలను మెదడు సరిగా కూర్చుకొననిచో, మనస్సు కోరినట్లు చేయి మెలగదని వీరి సిద్ధాంతము. దానిని వివరించు గ్రంథమును 1972లో ప్రకటించిరి. పిల్లల లోపమును కనుగొనుటకు పరీక్షలను గూడ నిర్మించిరి. ఊయెలలు, చక్రముల పలకలు మొదలగు ఆటవస్తువులే వీరి చికిత్సాసాధనములు.

వీరు 1988లో మృతినొందిరి. ఆ చికిత్సవలని ఫలమెంతయని పండితులు నేటికిని వాదించుచునే యున్నారు. అయినను వీరు వేసిన ప్రశ్న మనకు విలువైనదే. అక్షరము వంకరపోయిన బిడ్డను సోమరియని దండించుటకు ముందు, వానికి శ్రద్ధ లేదా, లేక చేయి లొంగుట లేదా యని ఉపాధ్యాయులును తల్లిదండ్రులును పరిశీలింపవలదా?