తాళంచెవి ఏమైంది?

శంషాబాదు విమానాశ్రయంలో ప్రయాణికుల పెట్టెలు యంత్రం గుండా పోనిచ్చి చూస్తారు, అవసరమైతే తెరిపిస్తారు. "నన్ను దొంగ అనుకున్నారా?" అని ఎవరూ కోపం తెచ్చుకోరు. అందరి పెట్టెలూ చూశారు గనుకనే పిల్లలతో నిశ్చింతగా విమానం ఎక్కుతాం. మరి ఎన్నికల దగ్గరికి వచ్చేసరికి, లెక్క సరిచూడండి అన్నవాణ్ణి ఓడిపోయిన ఉక్రోషం అని కొట్టిపారేస్తామే!

మన రాష్ట్రంలోనే జగిత్యాల జిల్లా ధర్మపురి సంగతి చూడండి. 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికలలో అక్కడ కొప్పుల ఈశ్వర్ గారు 441 ఓట్ల ఆధిక్యంతో గెలిచినట్లు ప్రకటించారు. లెక్కింపు సరిగా జరగలేదని ప్రత్యర్థి అడ్లూరి లక్ష్మణ్ కుమార్ గారు హైకోర్టుకు వెళ్ళారు. ఇటువంటి పిటిషన్ల విచారణ 6 నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతున్నది. కాని కోర్టు అడిగిన కాగితాల కోసం స్ట్రాంగ్ రూము తెరవబోయేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది. తీరా వెళితే తాళంచెవి లేదు! కోర్టు అనుమతితో తాళం పగలగొట్టవలసి వచ్చింది.

చెవి పోయినంతమాత్రాన ఓట్లు పోయాయని అనరాదు. అయితే ఆ చెవితోపాటు పోయినదొకటున్నది: జనం నమ్మకం. దర్యాప్తు ఇలా సాగితే ఓడినవారికి ఊరట వుండదు, న్యాయంగా గెలిచినవారికీ నింద తప్పదు.

కొంత మేలు జరిగిన మాట నిజమే. ప్రతి శాసనసభ స్థానంలో 5 పోలింగు కేంద్రాల వీవీప్యాట్ చీటీలు లెక్కించి సరిచూడాలని 2019లో సుప్రీంకోర్టు ఆదేశించింది. శంషాబాదు ఓటర్లున్న రాజేంద్రనగర్‌కూ అదే నియమం. 2024 ఏప్రిల్ 26న ఆ కోర్టే, కాగితపు బ్యాలెట్లకు తిరిగి వెళ్ళనక్కరలేదంటూనే, రెండు మూడు స్థానాలలో నిలిచినవారు 7 రోజులలోగా కోరితే 5 శాతం యంత్రాలను పరీక్షించాలన్నది. అభ్యర్థులు దగ్గరుండి చూడవచ్చును. కాని పరీక్షించేది ఆ యంత్రాలు తయారుచేసిన సంస్థల ఇంజనీర్లే! విమాన ప్రమాదాన్ని విమానం తయారుచేసినవారే విచారించి తీర్పు చెబితే మనం ఊరుకుంటామా?

వెనుకటి రోజుల్లో ఇల్లాళ్ళు పాలలెక్క గోడమీద గీతలుగా పెట్టేవారు. నెలాఖరున పాలవాడి ఎదుటనే లెక్కించేవారు. ఆ గీతలు ఇద్దరికీ కనిపించేవి. లెక్క ఆ నెలలోనే తేలేది. అందుకే మర్నాడు మళ్ళీ అతని దగ్గరే పాలు పోయించుకునేవారు.