బరువు తగ్గే సర్జరీ అయ్యి ఏళ్లు గడిచాక మళ్లీ సాదా తిండికి రావడం ఎలా? మన రైతులు ఏం తెలుసుకోవాలి?

పై వీడియోలో చిన్న పళ్లెం పెట్టి ఏది ముందు తినాలో, ఏది తర్వాత తినాలో చూపించాను. టైం సరిపోక అందులో చెప్పలేకపోయిన విషయాలు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

వ్యవసాయం వీడియోల్లో సర్జరీ సంగతి ఎందుకు అనుకోవచ్చు. మన దగ్గర దేశవాళీ బియ్యం, కొర్రలు, గానుగ నూనె కొనేవాళ్లలో ఈ సర్జరీ చేయించుకున్నవాళ్లూ ఉంటున్నారు. మా దగ్గర నెలనెలా సరుకు తీసుకునే ఒక అక్కకి సర్జరీ అయ్యి ఆరేళ్లయింది. మొదట్లో బాగా తగ్గారు, తర్వాత మెల్లగా మళ్లీ పెరుగుతున్నారు. "తమ్ముడూ, ఇకనుంచి అన్నీ మీ దగ్గరే కొంటాను, ఆ విటమిన్ మాత్రలు ఆపేయొచ్చా?" అని అడిగారు. ఈ ప్రశ్న రేపు మిమ్మల్నీ అడుగుతారు. మనం చెప్పే మాట వాళ్ల ఒంటి మీద పనిచేస్తుంది కాబట్టి తెలుసుకుని చెప్పాలి.

సర్జరీలో ఏం చేస్తారు?

ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ పద్ధతిలో పొట్టలో సుమారు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, అరటికాయలాంటి సన్నని గొట్టం మిగులుతుంది. బైపాస్ పద్ధతిలో పొట్ట పైభాగాన్ని చిన్న సంచిలా చేసి, చిన్నపేగు మొదటి భాగాన్ని దాటించి కింది పేగుకి కలుపుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా పొట్ట పైభాగంలోనే తయారవుతుంది. స్లీవ్‌లో ఆ భాగం పోతుంది కాబట్టి మొదట్లో ఆకలి పెద్దగా తెలియదు.

మరి బరువు ఎందుకు తిరిగి వస్తుంది?

ఏళ్లు గడిచేకొద్దీ పొట్ట కొంత సాగుతుంది, ఆకలి కూడా కొంత తిరిగి వస్తుంది. కొందరికి వేరే జబ్బులు, మందులు కూడా కారణం అవుతాయి. అందుకే కొంత బరువు తిరిగి రావడం చాలామందిలో కనిపించేదే. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు, వాళ్లని తప్పు పట్టాల్సిన పనీ లేదు.

అలవాట్ల వైపు చూస్తే పెద్ద కారణం రోజంతా కొంచెం కొంచెం తినడం. తూము చిన్నదైనా రాత్రింబవళ్లు పారితే చెరువు నిండదా? ఇదీ అంతే. పప్పు, గుడ్డు, చేప లాంటివి చిన్న పొట్టలో కాసేపు నిలుస్తాయి, నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది. బిస్కెట్లు, మిక్చర్, జ్యూస్, తీపి టీ ఇట్టే జారిపోతాయి. కడుపు నిండినట్టే ఉండదు, గంటకోసారి చెయ్యి డబ్బాలోకి పోతుంది.

మళ్లీ దారిలోకి రావాలంటే

ఐదు రోజులు ద్రవాలే తాగితే పొట్ట మళ్లీ చిన్నదవుతుందని కొందరు చెబుతుంటారు. అలా తాగితే పొట్ట సైజు మారదు. సర్జరీ అయిన కొత్తలో ఆసుపత్రిలో చెప్పిన పద్ధతినే మళ్లీ పట్టుకోవాలి.

1. రోజుకి మూడు పూటలు, టైంకి తినాలి. మధ్యలో నమిలే అలవాటు మానాలి. డైటీషియన్ నాలుగో పూట చెబితే అదీ టైం ప్రకారమే.

2. పళ్లెంలో ముందు ప్రోటీన్. గట్టి పప్పు, గుడ్డు, చేప, చికెన్, పనీర్‌లో ఏదో ఒకటి. తర్వాత కూర. చివర్లో చోటుంటే రెండు మూడు ముద్దలు అన్నం.

3. బాగా నమిలి, 20 నుంచి 30 నిమిషాలు తినాలి. చాలనిపించగానే ఆపేయాలి.

4. తినేటప్పుడు నీళ్లు వద్దు. తిన్న అరగంట తర్వాత కొద్దికొద్దిగా తాగాలి. గ్యాస్ డ్రింకులు వద్దు. మందు అలవాటు ఉంటే, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకి, అది తొందరగా తలకెక్కుతుంది.

ప్రోటీన్ మామూలుగా రోజుకి కనీసం 60 గ్రాములు చెబుతారు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 6 నుంచి 7 గ్రాములు, 200 గ్రాముల పెరుగులో 6 గ్రాముల వరకు ఉంటుంది. చిన్న పొట్టతో 60 గ్రాములు అందుకోవడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. అన్నం ముందు తినేస్తే ఇక దీనికి చోటే ఉండదు.

మన సరుకులో ఏది ఎలా?

కంది, పెసర, ఉలవ బాగా ఉపయోగపడతాయి, మెత్తగా ఉడికించాలి. కొర్రల్లో ప్రోటీన్ బియ్యం కంటే ఎక్కువే. కానీ అందులోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే, కాబట్టి కొర్రన్నం అయినా కొలత ప్రకారమే. రాగుల్లో 100 గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మంచిదే. దాన్నే బెల్లం వేసి జావలా పదేపదే తాగితే జ్యూస్ తాగినట్టే జారిపోతుంది.

బెల్లం, తేనె ఎంత సహజంగా చేసినా ఒంట్లోకి వెళ్లేది చక్కెరే. బైపాస్ అయినవాళ్లకి తీపి ఎక్కువైతే గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం, విరేచనాలు రావచ్చు. గానుగ నూనె కూడా ఒక పెద్ద చెంచాకి సుమారు 120 కేలరీలు. సహజం అనే మాట కేలరీలను తగ్గించదు. ఇది కొనేవాళ్లకి మనమే చెబితే మన మీద నమ్మకం పెరుగుతుంది.

మాత్రలు ఆపమని మనం చెప్పకూడదు

అసలు విషయం ఇదే. చౌడు నేలలో జింకు ఉన్నా వరికి అందక ఆకులు తుప్పు రంగుకి తిరగడం మనం చూశాం. నేలలో ఉండటం వేరు, వేరుకు అందడం వేరు. ఇక్కడా అంతే. బి12 ఒంటికి పట్టాలంటే పొట్ట గోడలో ఊరే ఒక పదార్థం కావాలి. పొట్ట తగ్గితే అదీ తగ్గుతుంది. ఇనుము, కాల్షియం ఎక్కువగా పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. బైపాస్‌లో తిండి ఆ దారినే పోదు. ఎంత మంచి తోటకూర పెట్టినా ఆ లోటు పూడదు. పైగా పంటల్లో బి12 నమ్మదగినంత ఉండదు, జీవామృతం వేసి పండించినా అంతే.

ఒంట్లో బి12 నిల్వలు కొన్నేళ్లు సరిపోతాయి. అందుకే మాత్రలు ఆపిన మొదట్లో "బాగానే ఉన్నానే" అనిపిస్తుంది. తర్వాత అరికాళ్ల తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు మొదలవుతాయి. నరాలు బాగా దెబ్బతింటే పూర్తిగా కోలుకోకపోవచ్చు. కాబట్టి డాక్టర్ రాసిన మాత్రలు జీవితాంతం వేసుకోవాలి, ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇనుము, కాల్షియం మాత్రలు ఒకేసారి వేసుకోకుండా కనీసం రెండు గంటల తేడా ఉంచాలి. వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి తగ్గకపోయినా, బరువు గబగబా పెరిగినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

మా అక్కకి నేను చెప్పింది ఇదే: "మాత్రలు ఆపొద్దక్కా. పప్పు, గుడ్లు మా దగ్గర తీసుకోండి, బెల్లం తగ్గించండి." బెల్లం అమ్మకం కొంచెం తగ్గింది, పర్వాలేదు. మీ దగ్గర కొనేవాళ్లలో ఇలాంటివాళ్లు ఉంటే పప్పులు అరకిలో ప్యాకెట్లలో కట్టి ఇవ్వండి, చిన్న కుటుంబాలకీ వీలుగా ఉంటుంది. పళ్లెం ఎలా సర్దాలో వీడియోలో ఉంది, ఇంట్లోవాళ్లకి కూడా చూపించండి.