వాక్యం చదివింది... వాకిలి తెరిచింది

ఆకలంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. అన్నంతో తీరే ఆకలీ తెలుసు, అన్నంతో తీరనిదీ తెలుసు. ఆ రెండో ఆకలి బైబిలు చదువుతుంటే కొంత, దిక్కులేని ఆడపిల్లలకు అన్నం పెడుతుంటే కొంత తీరిందామెకు. ఆమే... పండిత రమాబాయి.

అది తిరుపతి దగ్గర దట్టమైన అడవి. 1874 ప్రాంతం, కరవు రోజులు. తీర్థయాత్రలు చేస్తూ, పురాణాలు చెప్పుకుంటూ బతికే ఓ బ్రాహ్మణ కుటుంబం అక్కడ తలదాచుకుంది. చేతిలో ఉన్నదంతా అయిపోయింది. అడుక్కోవడానికి మనసొప్పలేదు. పదకొండు రోజుల పాటు నీళ్లూ ఆకులూ గుప్పెడు అడవి ఈతపళ్లే ఆహారం. ఆ కుటుంబంలో పదహారేళ్ల అమ్మాయి రమాబాయి. కొద్దికాలంలోనే ఆ పిల్ల తండ్రినీ తల్లినీ అక్కనూ పోగొట్టుకుంది. మిగిలింది అన్న శ్రీనివాస్, తండ్రి నేర్పించిన సంస్కృతం.

ఆడపిల్లకు సంస్కృతం ఏమిటని అందరూ వేలెత్తి చూపినా తండ్రి అనంతశాస్త్రి వినలేదు. భార్యకూ నేర్పించాడు, పిల్లలకూ చెప్పించాడు. ఆ చదువే 1878లో కలకత్తాలో ఆమెకు 'పండిత', 'సరస్వతి' బిరుదులు తెచ్చింది. కానీ కష్టాలు వదల్లేదు. 1880లో అన్న చనిపోయాడు. అదే ఏడు బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీని పెళ్లాడింది. రెండేళ్లు తిరగకుండానే ఆయన్ని కలరా మింగేసింది. అప్పటికి రమాబాయికి ఇరవై మూడేళ్లు. ఒళ్లో పసిబిడ్డ మనోరమ.

పుస్తకం కాదు, ముందు పని...

1883లో పై చదువుల కోసం ఇంగ్లండు వెళ్లింది. వాంటేజ్‌లోని క్రైస్తవ సన్యాసినుల దగ్గర ఉంది. బైబిలు ఆమెకు కొత్తేం కాదు, కలకత్తాలోనే చూసింది. కానీ దాని వైపు ఆమెను నడిపించింది ప్రసంగాలు కాదు. లండన్‌లోని ఫుల్‌హమ్‌లో ఆ సన్యాసినులు ఓ ఆశ్రమం నడిపేవారు. చెడిపోయారని లోకం వెలివేసిన స్త్రీలను అక్కడ సొంత అక్కచెల్లెళ్లలా చూసుకునేవారు. అలాంటి దయ రమాబాయి అంతకుముందెప్పుడూ చూడలేదు. వీళ్లమీద మీకెందుకింత ప్రేమ అని అడిగింది. జవాబుగా ఓ సన్యాసిని యోహాను సువార్త నాలుగో అధ్యాయం చదివి వినిపించింది. బావి దగ్గర ఏసు సమరయ స్త్రీతో మాట్లాడిన కథ అది. ఊరంతా తప్పుకుని తిరిగే మనిషిని మంచినీళ్లడిగి, మర్యాదగా మాట్లాడిన వైనం. ఆ ఏడాదే కూతురితో కలిసి బాప్తిస్మం తీసుకుంది.

అంతటితో ఆకలి తీరిపోయిందా అంటే, లేదు. ఆ తరవాత దాదాపు ఎనిమిదేళ్లు తనకు క్రైస్తవ మతమైతే దొరికింది కానీ క్రీస్తు దొరకలేదని ఆమే తన అనుభవాల్లో దాపరికం లేకుండా రాసుకుంది. మోక్షం కష్టపడి సంపాదించుకునేది కాదు, ఉచితంగా పుచ్చుకునేదని బైబిలు చదువుతూ గ్రహించాకే మనసు కుదుటపడిందట.

తెరిచిన తలుపు

1889లో ముంబయిలో బాలవితంతువుల కోసం 'శారదా సదన్' ప్రారంభించింది. మరుసటేడు అది పుణెకి మారింది. మతబోధ చేయబోనని అప్పుడే మాటిచ్చింది. అయితే తన గదిలో రోజూ కూతురితో కలిసి చేసే ప్రార్థనకు తలుపు మూసుకునేది కాదు. కొందరు పిల్లలు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. పుణె భగ్గుమంది. 1893లో రానడే, భండార్కర్ లాంటి పెద్దలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది తమ పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. మాట తప్పిందన్నది వారి ఆరోపణ. ఎవర్నీ రమ్మనలేదు, వచ్చినవాళ్లను పొమ్మనలేదు అన్నది ఆమె సమాధానం. ఆ నిందతోనే బతికింది తప్ప పని ఆపలేదు.

1896-97లో మధ్యపరగణాల్లో కరవు వచ్చింది. ఆ వార్త వినగానే ఆమెకు తిరుపతి అడవి గుర్తొచ్చింది. చేతిలో డబ్బు లేదు. అయినా బయల్దేరింది. ఎముకల గూళ్లలా ఉన్న ఆడపిల్లల్ని వందల సంఖ్యలో వెంటబెట్టుకొచ్చింది. పుణెకి సుమారు అరవై కిలోమీటర్ల దూరంలోని కేడ్‌గావ్‌లో వాళ్లకు నీడ ఏర్పడింది. అదే 'ముక్తి'. 1900 నాటి గుజరాత్ కరవు తరవాత అక్కడి వాళ్ల సంఖ్య వెయ్యి దాటిపోయింది. అంతమందికీ ఊరికే అన్నం పెట్టి కూర్చోబెట్టలేదు. బావులు తవ్వించింది. నేత, గానుగ, పాడి, అచ్చుపని నేర్పించింది. చూపులేనివారికి బ్రెయిలీ చెప్పించింది. ఫుల్‌హమ్‌లో చూసినదాన్నీ మరచిపోలేదు. మోసపోయిన స్త్రీల కోసం 'కృపా సదన్' పెట్టింది.

ఆఖరి ప్రూఫు

ఇంత పని మధ్య ఆమె మరో బరువు నెత్తికెత్తుకుంది. అప్పటి మరాఠీ బైబిల్లో సంస్కృత పదాలెక్కువ. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లకు కొరుకుడుపడేది కాదు. సంస్కృతంలో పండితురాలైన మనిషే ఆ సంస్కృతాన్ని పక్కన పెట్టి, వాడుక మాటల్లో బైబిలు రాయడానికి పూనుకుంది. అందుకోసం నడివయసులో హీబ్రూ, గ్రీకు నేర్చుకుంది. ఏళ్ల తరబడి సాగిందా పని. అక్షరాలు పేర్చింది, అచ్చు వేసింది ముక్తిలోని స్త్రీలే. ఒకప్పుడు ఆకలితో వచ్చిన చేతులే ఆ పుస్తకాన్ని తయారుచేశాయి.

1921లో, తన తరవాత ఇదంతా చూసుకుంటుందనుకున్న మనోరమ చనిపోయింది. రమాబాయి కుంగిపోయినా కలం వదల్లేదు. చివరి ప్రూఫులు దిద్దడానికి మరికొన్ని రోజులు ఆయుష్షు ఇమ్మని దేవుణ్ణి వేడుకుందని చెబుతారు. ఆ పని ముగించుకునే 1922 ఏప్రిల్ 5న కన్నుమూసింది. బైబిలు మొత్తం 1924లో వెలువడింది.

కేడ్‌గావ్‌లో ముక్తి నేటికీ ఉంది. ఆమె మతం మారడం మీద, ఇచ్చిన మాట మీద వాదనలూ ఉన్నాయి. కానీ తిరుపతి అడవిలో ఆకులు తిని బతికిన అమ్మాయి వందలమంది ఆకలి తీర్చిందన్న విషయంలో మాత్రం ఎవరికీ వాదన లేదు. ఆ శక్తి ఎక్కడిదంటే ఆమె రోజూ పొద్దున్నే తెరిచే పుస్తకాన్నే చూపించేది. ఆ పుస్తకంలో ఏముందని అడిగితే మాత్రం... ముక్తి వాకిలిని చూస్తే చాలు.