కాఫీ తొక్క: ఏది మేత? ఏది పక్క?

కాఫీ తాగే వాళ్లకు పొడి తెలుసు. కాఫీ పండించే వాళ్లకు పండు తెలుసు. పండు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. గంప నడుముకి కట్టుకుని, చెట్టు చెట్టూ తిరిగి, ఎర్రగా పండినవే ఏరి కోస్తారు. ఇంత కష్టపడి కోసిన పండులో అమ్ముడుపోయేది గింజ ఒక్కటే. మరి తొక్క ఏమవుతోంది?

చాలా ఊళ్లలో తొక్కను కుప్పగా పోసేస్తారు. అది కుళ్లుతుంది. ఈగలు ముసురుతాయి. వాన పడితే నల్లని నీరు కారి గెడ్డలో కలుస్తుంది. అదే ఇంట్లో వేసవి వచ్చేసరికి ఆవుకి మేత చాలదు. చలికాలంలో దూడ తడి నేల మీద వణుకుతుంది.

తొక్క సరిగ్గా వాడితే కొంత మేత అవుతుంది. పొట్టు పశువుకు పక్క అవుతుంది. మిగిలింది ఎరువు అవుతుంది. కానీ ఏది దేనికో తెలియాలి. తెలియకుండా పెడితే పశువు చెడుతుంది.

అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో

అల్లూరి సీతారామరాజు జిల్లా 2022లో ఏర్పడింది. అంతకు ముందు ఈ కొండలు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఇక్కడ సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పెరుగుతుంది. ఆ చెట్లకే మిరియం తీగ పాకుతుంది. ఈ కాఫీ రకం పేరు అరబికా. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే, ఆ పేరు ఈ నేలలో పండిన కాఫీకే చెందుతుంది.

పండు ఎక్కువగా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోతకు వస్తుంది. అంటే తొక్క వచ్చే కాలమూ, చలి ముదిరే కాలమూ ఒకటే. లంబసింగి, మినుములూరు వంటి చోట్ల కొన్ని రాత్రులు చలి 5 డిగ్రీల లోపుకి దిగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. పశువుల పాక దగ్గర మళ్లీ పనికొస్తుంది.

పండులో ఏమేం ఉన్నాయి?

పైన ఎర్రని తొక్క, దాని కింద గుజ్జు. ఆ కింద జిగురు. జిగురు కింద గట్టి పొర. దీన్ని పార్చ్‌మెంట్ అంటారు. అన్నిటికీ లోపల గింజలు. మామూలుగా ఒక పండులో రెండు గింజలు ఉంటాయి.

పండును రెండు రకాలుగా తయారుచేస్తారు.

ఒకటి తడి పద్ధతి. కోసిన రోజే పండును పల్పర్ మిషన్‌లో వేస్తారు. తొక్క, గుజ్జు ఒక పక్కకు పడతాయి. గింజలు మరో పక్కకు పడతాయి. గింజలను పులియబెట్టి, జిగురు పోయేలా కడిగి ఎండబెడతారు. తర్వాత మిల్లులో పార్చ్‌మెంట్ పొర తీస్తారు.

రెండోది పొడి పద్ధతి. పండును పండుగానే ఎండబెడతారు. ఎండాక తొక్క, పొర అన్నీ కలిపి ఒకేసారి పొట్టుగా తీస్తారు.

కాబట్టి మనకు మూడు రకాలు మిగులుతాయి.
1. పచ్చి తొక్క. ఇది తడిగా ఉంటుంది.
2. పార్చ్‌మెంట్ పొట్టు. ఇది తేలికగా, పొడిగా, లేత రంగులో ఉంటుంది.
3. ఎండు పండు పొట్టు. ఇది నల్లగా, పొడిగా ఉంటుంది.

100 కిలోల పండు లెక్క

100 కిలోల పండును తడి పద్ధతిలో ఆడితే సుమారు 40 కిలోల పచ్చి తొక్క వస్తుంది. అందులో ఎక్కువ భాగం నీరే. బాగా ఎండితే 8 లేక 9 కిలోలు మిగులుతుంది.

ఒక ఇంట్లో 1,000 కిలోల పండు ఆడారనుకోండి. పచ్చి తొక్క 400 కిలోలు. ఎండితే 80 నుంచి 90 కిలోలు. ఒక ఆవుకి రోజుకి అరకిలో చొప్పున పెడితే 160 రోజులు వస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా 122 రోజులు. అంటే ఒక ఆవుకి వేసవి అంతా సరిపోగా ఇంకా కొంత మిగులుతుంది.

అయితే ఇది గడ్డికి బదులు కాదు. గడ్డికి తోడు మాత్రమే.

తొక్కలో మంచి, తొక్కలో చెడు

మాంసకృత్తులు పశువుకు కండనూ పాలనూ ఇస్తాయి. 100 కిలోల ఎండు తొక్కలో ఇవి సుమారు 10 కిలోలు ఉంటాయి. వరిగడ్డిలో అంతకంటే చాలా తక్కువ. అందుకే తొక్కకు విలువ ఉంది.

కానీ తొక్కలో వగరు కూడా ఉంది. దీన్ని టానిన్ అంటారు. వగరు వల్ల మాంసకృత్తులన్నీ పశువుకు ఒంటబట్టవు. కొంత పేడలో పోతుంది.

ఇంకొకటి కెఫీన్. కాఫీ తాగితే మనకు నిద్ర పట్టకుండా చేసేది ఇదే. ఇది గింజలోనే కాదు, తొక్కలోనూ ఉంటుంది. 100 కిలోల ఎండు తొక్కలో సుమారు ఒక కిలో కెఫీన్ ఉంటుంది. ఎక్కువ తిన్న పశువు కుదురుగా ఉండదు. మాటిమాటికీ మూత్రం పోస్తుంది. దాహం పెరుగుతుంది. మేత తగ్గుతుంది. ఒళ్లు తగ్గుతుంది.

మధ్య అమెరికాలో గ్వాటెమాల అనే చిన్న దేశం ఉంది. అక్కడా కొండల మీద కాఫీ పండిస్తారు. 1970ల్లో అక్కడి పోషకాహార సంస్థ పశువులకు కాఫీ తొక్క పెట్టి చూసింది. ఎండు మేత మొత్తంలో అయిదో వంతు దాకా పశువులు తట్టుకున్నాయి. అది దాటితే మేత తినడం తగ్గింది. ఎదుగుదల దెబ్బతింది.

మన కొండ ఆవులు చిన్నవి. మేత కూడా అంత మంచిది దొరకదు. కాబట్టి మనం పదో వంతు దగ్గరే ఆగడం మేలు. 250 కిలోల ఆవు రోజుకి సుమారు 6 కిలోల ఎండు మేత తింటుంది. అందులో పదో వంతు అంటే అరకిలో కంటే కాస్త ఎక్కువ. అందుకే అరకిలో అని చెప్పుకున్నాం.

తొక్కను ఎలా ఎండబెట్టాలి?

పల్పర్ నుంచి వచ్చిన రోజే పని మొదలుపెట్టాలి. ఒక రాత్రి కుప్పగా ఉంటే చాలు, తొక్క వేడెక్కి పులుస్తుంది.

ముందు గంపలో వేసి నీరు కారనివ్వాలి. తర్వాత సిమెంటు కళ్లం మీదో, టార్పాలిన్ మీదో పలచగా పరచాలి. మందం ఒక అంగుళం దాటకూడదు. రోజుకి నాలుగైదు సార్లు తిరగెయ్యాలి. సాయంత్రం మంచు పడకముందే పోగుచేసి కప్పెయ్యాలి. పొద్దున్న మంచు విడిచాక మళ్లీ పరచాలి.

ఎండిందా లేదా ఎలా తెలుస్తుంది? గుప్పెట్లో నలిపితే గలగలమని విరగాలి. మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

ఎండిన తొక్కను సంచిలో పోసి చెక్కల మీద పెట్టాలి. నేల మీద పెడితే చెమ్మ ఎక్కుతుంది. గోడకు ఆనించకూడదు.

బూజుతో జాగ్రత్త

తెల్లగా, పచ్చగా, నల్లగా బూజు పట్టిన తొక్కను పశువుకు పెట్టకండి. కడిగినా పెట్టకండి. ఎండబెట్టినా పెట్టకండి. బూజులో విషం ఉంటుంది. ఎండకు బూజు కనపడకుండా పోవచ్చు. విషం మాత్రం పోదు. అది మూత్రపిండాలను, కాలేయాన్ని పాడుచేస్తుంది. బూజు తొక్క చోటు ఎరువు గొయ్యే.

మందు కొట్టిన తోట సంగతి కూడా చూడాలి. కాఫీ ఆకుకు తెగులు వస్తే మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కొడతారు. మైలుతుత్తంలో రాగి ఉంటుంది. గొర్రెలు రాగిని అసలు తట్టుకోలేవు. ఆ తోట తొక్కను గొర్రెలకు పెట్టకండి. పురుగుమందు కొట్టిన పండు తొక్కను ఏ పశువుకూ పెట్టకండి.

ఎలా అలవాటు చెయ్యాలి?

ఒక ఇంట్లో అత్తా కోడళ్లు ఇలా మాట్లాడుకున్నారు.

"అత్తా, ఆవు తొక్కను మూతి పెట్టి చూసి వదిలేస్తోంది. కుడితిలో ఎక్కువ కలిపి తాగించేనా?"

"వద్దమ్మా. దానికి కొత్త రుచి కదా. గుప్పెడు తీసుకుని తవుడులో కలుపు. వారం చూద్దాం."

"ఇలా గుప్పెడు గుప్పెడు పెడితే తొక్క ఎప్పటికి అయ్యేను?"

"తొక్క అవ్వడం ముఖ్యమా, ఆవు బాగుండడం ముఖ్యమా?"

అత్త మాట నిజం. ఆవు కడుపులో మేతను అరిగించే సూక్ష్మజీవులు ఉంటాయి. కొత్త మేతకు అవి అలవాటు పడాలి. దానికి సమయం పడుతుంది.

మొదటి వారం: రోజుకి ఒక గుప్పెడు, తవుడుతో కలిపి.
రెండో వారం: రోజుకి పావుకిలో.
మూడో వారం నుంచి: అరకిలో. అక్కడితో ఆపాలి.

పక్కన మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి. గడ్డి తగ్గించకూడదు.

పశువు మేత మానినా, పారుకున్నా, కుదురు లేకుండా తిరిగినా వెంటనే తొక్క ఆపెయ్యండి. గడ్డి, నీళ్లు మాత్రమే ఇవ్వండి. పశువుల డాక్టరుకు చెప్పండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు.

ఎవరికి పెట్టకూడదు?

పాలు తాగే చిన్న దూడలకు పెట్టకండి. నెలలు నిండిన చూడి పశువుకు పెట్టకండి. జబ్బు పడి లేచిన పశువుకు పెట్టకండి. కోళ్లకు మేతగా పనికిరాదు. కుక్కలకు కెఫీన్ విషం. కుక్క తిరిగే చోట తొక్కను విడిచిపెట్టకండి.

పందులకు పెట్టవచ్చు. కానీ మేతలో పదో వంతు దాటకూడదు. మేకలకు పెట్టాలనుకుంటే ముందు పశువుల డాక్టరును అడగండి.

తొక్క ఎక్కువగా ఉంటే పాతర

మబ్బు పట్టి ఎండ రాకపోతే ఏం చెయ్యాలి? పచ్చి తొక్కను పాతర వెయ్యవచ్చు. దీన్ని సైలేజి అంటారు.

తొక్కలో నీరు ఒక రోజు కారనివ్వాలి. దానికి చిన్నగా నరికిన పచ్చగడ్డి కలపాలి. 100 కిలోల తొక్కకు 3 నుంచి 5 కిలోల బెల్లపు మడ్డి చల్లాలి. నీరు నిలవని చోట గొయ్యి తీసి ప్లాస్టిక్ పరచాలి. మూత గట్టిగా పట్టే డ్రమ్ము అయినా చాలు. పొరలు పొరలుగా వేసి గట్టిగా తొక్కాలి. లోపల గాలి ఉండకూడదు. గాలి ఉంటే బూజు వస్తుంది. పైన ప్లాస్టిక్ కప్పి, మట్టీ రాళ్లూ పెట్టాలి.

రెండు నెలల తర్వాత తెరవాలి. మంచి పాతర పుల్లని వాసన వస్తుంది. కుళ్లు వాసన వస్తే పారెయ్యాలి. ఇందులో తడి ఎక్కువ. అరకిలో ఎండు తొక్కకు రెండు కిలోల పాతర సరిపోతుంది. ఇది కూడా గుప్పెడుతోనే మొదలుపెట్టాలి.

పాకలో పక్క

పార్చ్‌మెంట్ పొట్టులో బలం లేదు. అంతా పీచే. మేతగా వద్దు. కానీ పక్కగా చాలా మంచిది. వరి ఊక ఎలా వాడతామో అలాగే వాడవచ్చు.

పాక నేల కాస్త వాలుగా ఉండాలి. ముందు ఊడ్చి ఆరనివ్వాలి. దూడలు, మేకలు పడుకునే చోట పొట్టు మూడు, నాలుగు అంగుళాల మందం పరచాలి. చలి నేల ఒంటికి తగలదు. గిట్టలు తడవవు. పాలిచ్చే ఆవు పొదుగు శుభ్రంగా ఉంటుంది. పొదుగు వాపు వచ్చే భయం తగ్గుతుంది.

తడిసిన పొట్టును రోజూ తీసి ఎరువు గొయ్యిలో వెయ్యాలి. ఆ చోట కొత్తది చల్లాలి. తీయకుండా వదిలేస్తే ఘాటు వాసన వస్తుంది. పశువుకు దగ్గు వస్తుంది.

కోళ్ల గూటిలో రెండు, మూడు అంగుళాలు వెయ్యవచ్చు. రెండు రోజులకు ఒకసారి కలియబెట్టాలి. గడ్డకట్టినది తీసెయ్యాలి.

ఎండు పండు పొట్టు పక్కగా వాడితే ఒక జాగ్రత్త. అందులో కెఫీన్ ఉంది. ఆకలితో ఉన్న పశువు పక్కనే తింటుంది. ముందు కడుపు నిండా గడ్డి వెయ్యండి. దూడల దగ్గర అది వాడకండి.

పార్చ్‌మెంట్ పొట్టు ఎక్కువగా మిల్లు దగ్గరే ఉండిపోతుంది. ఒక్కరు వెళ్లి అడిగితే మోయడం కష్టం. మహిళా సంఘం అంతా కలిసి ఒక బండి మాట్లాడుకుంటే సులువు.

ఒక్క మాట. 2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయ తొలుచు పురుగు కనిపించింది. ఈ పురుగు కాయల్లోనూ, సంచుల్లోనూ ఒక చోటి నుంచి మరో చోటికి పోతుంది. పురుగు పట్టిన తోటల నుంచి తొక్క గానీ, పొట్టు గానీ, పాత సంచులు గానీ ఊరికి తేకండి. కాఫీ బోర్డు వాళ్లను అడిగి తెచ్చుకోండి.

మిగిలింది మళ్లీ తోటకే

పాకలో తడిసిన పొట్టు, పేడ, బూజు తొక్క అన్నీ ఎరువు గొయ్యిలో కలపండి. అప్పుడప్పుడు తిరగెయ్యండి. మూడు, నాలుగు నెలల్లో మంచి ఎరువు అవుతుంది. కాఫీ తొక్కలో పొటాష్ ఎక్కువ. కాఫీ చెట్టుకు కావలసిందీ అదే. పచ్చి తొక్కను మాత్రం మొక్క మొదట్లో కుప్పగా పొయ్యకండి. వేడికి వేళ్లు దెబ్బతింటాయి.

పల్పర్ నీళ్లు గెడ్డలోకి వదలకండి. ఆ నీరు పుల్లగా మారుతుంది. చేపలు చస్తాయి. కింది ఊరి ఆడవాళ్లు ఆ గెడ్డ నీళ్లే మోసుకెళ్తారు. గెడ్డకు దూరంగా గొయ్యి తీసి, అందులోకి మళ్లించండి.

గుర్తుంచుకోండి

తాజా తొక్క, బాగా ఎండితే: మేత. రోజుకి అరకిలో దాటొద్దు.
పార్చ్‌మెంట్ పొట్టు: పక్క.
బూజు పట్టినది, కుళ్లినది: ఎరువు గొయ్యి.
పల్పర్ నీరు: గెడ్డలోకి కాదు, గొయ్యిలోకి.

అందరూ కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఈ ఏడు కాఫీ తొక్క ఎక్కడ పోశారు?
2. మీ ఇంట్లో ఎన్ని కిలోల పండు ఆడారు? ఎంత ఎండు తొక్క వస్తుంది? లెక్క వేసి పలక మీద రాయండి.
3. వేసవిలో మీ పశువులకు ఏ నెలలో మేత చాలదు?
4. మిల్లు నుంచి పొట్టు తేవడానికి సంఘంలో ఎవరెవరు వెళ్తారు?