పెత్తనం మనదే.. సొమ్ము మాత్రం నాన్నది!

ఎడిసన్ (న్యూజెర్సీ): మోకాళ్ల నొప్పులతో బ్యాంకుకు వెళ్లలేక, ఎడిసన్‌లో కొడుకు దగ్గర ఉంటున్న తండ్రి అతని పేరిట పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తారు. ఏడాది తిరిగేసరికి గుంటూరులోని చెల్లెలి నుంచి ఫోన్.. ‘‘అన్నయ్యా, నాన్న డబ్బు ఏమవుతోంది?’’ చాకిరీ నాది, లెక్కలడిగేది నువ్వా అని అన్నకు కోపం. అంతే, మాటలు బంద్. మనవాళ్ల ఇళ్లలో కొత్తేమీ కాని కథ ఇది.

న్యూజెర్సీ చట్టం ప్రకారం చూస్తే ఆ ప్రశ్నలో తప్పు లేదు. అధికారం పొందినవారు తండ్రి మేలు కోసమే ఖర్చు చేయాలి. ప్రతి లావాదేవీకీ లెక్క రాసి ఉంచాలి. వారసులు కోరితే ఆ లెక్కలు చూపమని సుపీరియర్ కోర్టు ఆదేశించొచ్చు. తాత సొమ్ముతో మనవరాలికి కారు బహుమతిగా కొనాలన్నా, ఆ అధికారం పత్రంలో స్పష్టంగా ఉండాలి. అలాగే, తండ్రి పనుల కోసం అన్న తన జేబులోంచి పెట్టిన న్యాయమైన ఖర్చులను తిరిగి తీసుకోవచ్చు.

ఊళ్లోని ఆస్తులతో మరో చిక్కుంది. ఇక్కడ ‘డ్యూరబుల్’గా రాయించుకున్న పత్రం తండ్రికి మతిమరుపు ముదిరినా చెల్లుతుంది. భారత్‌లో అలా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చినవారి మానసిక స్థితి దెబ్బతింటే అధికారం పోతుంది. ఆపై గార్డియన్‌షిప్ కోసం కోర్టుకెళ్లాల్సి రావచ్చు. రిజిస్టర్ అయిన సేల్‌డీడ్ లేకుండా జీపీఏతోనే ఇంటి హక్కు చేతులు మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడ రాసిన పత్రం ఇండియా చేరాక 3 నెలల్లోగా స్టాంపు వేయించాలన్నది మరవొద్దు.

అందుకే పెద్దవారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే పిల్లలందరినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, ఎవరికి ఏ బాధ్యత ఇస్తున్నారో వారి నోటితోనే చెప్పించాలి. తోబుట్టువులకు లెక్కలు పంపాలన్న షరతును పత్రంలోనే రాయించొచ్చు. నాన్న ఖాతాను సొంత ఖాతాతో కలపొద్దు. నెలాఖరున వచ్చింది, పోయింది, మిగిలింది ఒక్క పేజీలో రాసి, రసీదులతో ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పెద్ద ఖర్చయితే ముందే ఒక మాట చెప్పాలి. పత్రం రాయించే ముందు ఇక్కడొక లాయరును, ఊళ్లో మరొక లాయరును సంప్రదించడం మంచిది.

అడిగాక చూపిన లెక్క సంజాయిషీలా వినిపిస్తుంది. అడక్కముందే పంపితే, చెల్లెలు ఫోన్ చేసినప్పుడు ముందుగా అడిగేది నాన్న ఆరోగ్యం గురించే.